చిన్న సూచికలు – పెద్ద భారము

ఒక గ్రామపు పహాణీలో ఒక పేరును వెదకుట ఒక పని. రెండువేల గ్రామముల పహాణీలలో ఆ పేరునే వెదకుట మరియొక పని. మొదటి దానికి ఒక గుమాస్తా, ఒక పూట చాలును. రెండవది మనుష్యుని చేత కావలెనన్న నెలలు పట్టును. కంప్యూటరునకు రెప్పపాటు చాలును. కాని దానిని అమర్చిన విధము సరిగా ఉండవలెను. ఆ అమరికలో తరచుగా కనబడు ఒక దోషమును, దానిని సరిదిద్దు విధమును ఇచ్చట వివరింపదలచినాము.

విషయము సాంకేతికమైనను దాని ఫలము ఇంటింటికి సంబంధించినది. నల్లగొండ, మహబూబ్‌నగరు సీమల రైతు పంట అప్పునకు పోయినను, భూమి అమ్మదలచినను, అన్నదమ్ములు పాళ్ళు పంచుకొన్నను, ముందుగా కావలసినది రికార్డు. 1954-55 నాటి ఖాస్రా పహాణీ మొదలుకొని, 2020 అక్టోబరు 29 న వచ్చిన ధరణి, 2025 ఏప్రిల్ 14 న దాని స్థానమున వచ్చిన భూభారతి వరకు రికార్డు రూపము మారుచు వచ్చినది. "నా పేరు ఎక్కడ ఉన్నది?" అను ప్రశ్న మాత్రము మారలేదు. మండల కేంద్రమునకు వచ్చిన మనిషికి "సర్వరు పనిచేయుట లేదు" అను జవాబు దొరికినచో ఒక దినపు కూలియు, బస్సు చార్జీయు పోవును. అదను దాటినచో అంతకంటె ఎక్కువయే పోవును.

సర్వరు ఆగిపోవుటకు కారణములు పెక్కు. వానిలో ఒకటి మెమరీ నిండిపోవుట. రికార్డులు పెరిగినందువలన మెమరీ నిండినదని సామాన్యముగా అనుకొందుము. రికార్డులు కొద్దిగానే ఉండి, వాని సూచికలు వేలకొలదిగా ఉన్నప్పుడును మెమరీ నిండునని చెప్పినచో వింతగా తోచును. ఆ వింతకు కారణమును తెలిసికొనుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము.

సూచిక యనగా నేమి?

పెద్ద గ్రంథముల చివర అకారాది క్రమమున ఒక పదసూచిక ఉండును. "చెరువు" అను పదమునకు ఎదురుగా 12, 47, 203 అని పుటల సంఖ్యలు ఉండును. ఆ పదమునకై గ్రంథమంతయు తిరుగవేయవలసిన పని లేదు. వెదకు యంత్రము చేయునది కూడ ఇదియే. అది రికార్డులలోని ప్రతి పదమును ఏరి, ఆ పదము ఏయే రికార్డులలో ఉన్నదో ఒక పట్టిక వ్రాసికొనును. దానికే ఇండెక్సు, అనగా సూచిక, అని పేరు. డగ్ కటింగ్ అను అమెరికా దేశస్థుడు 1999 లో లూసీన్ అను పేర ఇట్టి సూచికలను కట్టు ప్రోగ్రామును వెలువరించెను. ఈనాడు ప్రపంచమున విరివిగా వాడబడుచున్న సోలర్, 2010 లో వచ్చిన ఎలాస్టిక్‌సెర్చ్ అను సర్వరులు రెండును ఆ లూసీన్ పునాదిమీద కట్టబడినవే.

కంప్యూటరులో వస్తువులను ఉంచు చోట్లు రెండు. డిస్కు బీరువా వంటిది. దానిలో చాల పట్టును, కాని తీసి చూచుటకు కొంత ఆలస్యమగును. మెమరీ ఎదుట నున్న బల్ల వంటిది. బల్లమీద విప్పి పెట్టిన దస్త్రము వెంటనే కంటికి ఆనును, కాని బల్ల వైశాల్యము పరిమితము. సూచికను వాడవలెనన్న దానిలో కొంత భాగమైనను బల్లమీదికి రావలెను. ఎంత భాగము రావలెను అను దానిమీదనే మన కథ యంతయు ఆధారపడి యున్నది.

కుంటకైనను కట్ట తప్పదు

మన మెట్ట సీమలో చెరువులకు, కుంటలకు కొదువ లేదు. 2015 లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు తెలంగాణమంతటను 46 వేలకు పైగా చిన్న నీటి వనరులు లెక్కకు వచ్చినవి. పానగల్లు వద్ద నున్న ఉదయసముద్రము వంటి పెద్ద చెరువునకు కట్ట, తూము, మత్తడి ఉన్నట్లే, పది ఎకరములు పారు కుంటకును ఒక కట్ట, ఒక తూము, ఒక మత్తడి ఉండవలెను. ఏటేట మరమ్మతు కావలెను. తూము తెరచి మూయుటకు నీరటికాడు కావలెను. కుంటలో నీరు పదవ వంతే యున్నది గదా యని కట్ట ఖర్చు పదవ వంతునకు తగ్గదు.

సూచికలును ఇంతే. సర్వరు ఒక సూచికను తెరచి ఉంచినంత కాలము, అందులో రికార్డులు పది యున్నను పది లక్షలున్నను, కొన్ని ఏర్పాట్లను మెమరీలో నిలిపి ఉంచవలెను. ఆ సూచికలో ఏయే గడులు కలవు, ఏ గడిలో సంఖ్య ఉండును, ఏ గడిలో పేరు ఉండును అను వర్ణన ఒకటి. సూచిక ఏయే ఫైళ్ళుగా డిస్కుమీద ఉన్నదో తెలుపు వివరము ఒకటి. పదములను త్వరగా పట్టుకొనుటకు కావలసిన మెట్లు మరికొన్ని. క్రొత్త రికార్డులు వచ్చినచో తాత్కాలికముగా పట్టి ఉంచుటకు కొంత చోటు. ఇవిగాక, ఏ సూచిక ఏ యంత్రముమీద ఉన్నదో, కుశలముగా ఉన్నదో లేదో ప్రధాన యంత్రము ఎల్లప్పుడు గుర్తుంచుకొనవలెను. ఇదియంతయు కట్ట, తూము, మత్తడి ఖర్చు. నీటితో నిమిత్తము లేని ఖర్చు.

ఒక లెక్క

ఒక ఉదాహరణమును కల్పించుకొని లెక్క వేయుదము. 2016 అక్టోబరు 11 న జిల్లాల పునర్విభజన జరుగుటకు పూర్వము నల్లగొండ జిల్లాలో 59, మహబూబ్‌నగరు జిల్లాలో 64 మండలములు ఉండెడివి. రెండింట కలిపి రెవిన్యూ గ్రామములు రెండువేలకు మించియే ఉండెను. లెక్క సౌకర్యమునకు 2,000 అనుకొందము. గ్రామమునకు సేత్వార్, ఖాస్రా పహాణీ, చెస్సల పహాణీ, ఫైసల్ పట్టీ, తరువాతి పహాణీలు అని ఐదు విధముల రికార్డు ఉన్నదనుకొందము. గ్రామమునకొక్కటి, రికార్డు విధమునకొక్కటి చొప్పున సూచికలు కట్టినచో 2,000 ను 5 చే గుణింపగా 10,000 సూచికలు అగును. ఒక యంత్రము చెడినను పని ఆగకుండుటకు ప్రతి సూచికకు వేరొక యంత్రముమీద ఒక నకలు ఉంచుట ఆచారము. కావున తెరచి ఉంచవలసినవి 20,000.

ఇక అసలు సరకు ఎంత? ఒక్కొక్క సూచికలో 2,000 పంక్తులు, పంక్తికి ఒక కిలోబైటు అనుకొన్నను, ఒక్కొక్క సూచిక 2 మెగాబైట్లు మాత్రమే. అన్నియు కలిపి 20 గిగాబైట్లు, పంక్తులు 2 కోట్లు. ఇప్పటి కంప్యూటరునకు ఇది స్వల్పమైన సరకు.

ఎలాస్టిక్‌సెర్చ్ నిర్మాతలు తమ సూచికలను షార్డులు అను తునకలుగా చేసి లెక్కింతురు. ఒక్కొక్క తునక 10 నుండి 50 గిగాబైట్ల వరకు, 20 కోట్ల పంక్తులకు లోపు ఉండుట మంచిదని వారి సలహా. ఆ లెక్కను మన రెండు జిల్లాల సరకంతయు ఒక్క తునకలోనే ఇముడును. దానినే 10,000 తునకలు చేసి, మరల నకళ్ళు తీసితిమి. 2017 లో వారు చెప్పిన సూత్రము ప్రకారము, సర్వరు తన పనికై ప్రత్యేకించుకొను మెమరీలో (దీనినే హీపు అందురు) ఒక్కొక్క గిగాబైటునకు 20 తునకలకు మించరాదు. అట్లైన 20,000 తునకలకు 1,000 గిగాబైట్ల హీపు కావలెను. ఇరువది గిగాబైట్ల సరకునకు వేయి గిగాబైట్ల మెమరీ!

తరువాత వచ్చిన తరములలో ఈ భారమును చాల తగ్గించినారు. 2022 లో వచ్చిన 8.3 వ తరము నుండి లెక్క విధమే మారినది. ఇప్పుడు సూచికకు, గడికి సుమారు ఒక కిలోబైటు చొప్పున వేసికొనుడని చెప్పుదురు. పంక్తికి 40 గడులున్నచో 10,000 సూచికలకు వర్ణనల కొరకే 400 మెగాబైట్లు. ఐదే సూచికలైనచో 200 కిలోబైట్లు. ప్రధాన యంత్రమునకు 3,000 సూచికలకు ఒక గిగాబైటు చొప్పున హీపు ఉండవలెనని మరియొక సూత్రము కలదు. ఇవి గాక, 2019 లో వచ్చిన 7 వ తరము మొదలుకొని ఒక్కొక్క యంత్రముమీద 1,000 తునకలకు మించి తెరువనీయని హద్దు ఉన్నది. ఆ హద్దును మార్చనిచో మన 20,000 తునకలకు ఇరువది యంత్రములు కావలెను. భారము తగ్గినదే కాని, అది సూచికల సంఖ్యను బట్టి పెరుగు స్వభావము పోలేదు.

మా సీమ రికార్డులకు ప్రత్యేకించిన మరియొక భారము కలదు. హైదరాబాదు రాజ్యమున పాలనా భాష ఉర్దూ యగుటచే పాత రికార్డులు పెక్కు ఉర్దూలో ఉన్నవి. ఉర్దూనుండి తెలుగునకు వచ్చునప్పుడు ఒకే మనిషి నరసింహ, నర్సింహ, నర్సిమ్మ అని పలు విధముల వ్రాయబడును. ఈ రూపములన్నియు ఒకటేయని యంత్రమునకు తెలుపుటకు సమానపదముల పట్టిక నొకదానిని ఈయవలెను. ఆ పట్టికను ప్రతి సూచిక తన కొరకు వేరుగా మెమరీలో పేర్చుకొనును. పట్టిక 2 మెగాబైట్లయినచో 10,000 సూచికలకు 20 గిగాబైట్లు. అనగా అసలు రికార్డు ఎంతో, నర్సిమ్మను నరసింహగా గుర్తించుటకు అంత!

నిండినచో ఏమగును?

సోలరును, ఎలాస్టిక్‌సెర్చ్‌ను జావా అను భాషలో వ్రాయబడినవి. జావాలో వాడి వదలివేసిన మెమరీని ఎప్పటికప్పుడు ఏరి ఖాళీ చేయు ఏర్పాటు ఉన్నది. బల్లమీది పాత కాగితములను మధ్య మధ్య తీసివేయుట వంటిది. కాని బల్లమీద నున్నవన్నియు తెరచి ఉంచిన సూచికలే యైనప్పుడు తీసివేయుటకు ఏమియు దొరకదు. యంత్రము మరల మరల వెదకుచుండును. వెదకినంతసేపు అసలు పని ఆగియుండును. ఒక నిమేషము ఆగవలసినది కొన్ని సెకండ్లు, కొన్ని సెకండ్లు ఆగవలసినది నిమిషములు ఆగును. మిగిలిన యంత్రములు దీనిని చచ్చినదనుకొని దీని పనిని తాము పంచుకొనబోయి, తామును బరువుచే క్రుంగును. అచ్చంపేటలో అడిగిన ఒక ప్రశ్నకే కాదు, దేవరకొండలో, గద్వాలలో, భువనగిరిలో అడిగిన ప్రతి ప్రశ్నకును జవాబు ఆగిపోవును.

దీనిని నివారించుటకు సర్వరులో సర్క్యూట్ బ్రేకరు అను ఏర్పాటు ఉన్నది. హీపు నూటికి 95 వంతులు నిండబోవుచున్నదని తోచినచో, క్రొత్తగా వచ్చిన కోరికను నిరాకరించి, ఉన్న పనిని కాపాడును. వనపర్తికి సమీపమున 1959 లో ఆరంభమైన సరళాసాగర్ ప్రాజెక్టును ఎరిగినవారికి ఇది సులభముగా బోధపడును. అచ్చట నీరు నిర్ణీతమైన మట్టమునకు రాగానే మనుష్యుల ప్రమేయము లేకయే సైఫనులు పనిచేయనారంభించి, మిగులు నీటిని వెడలగొట్టును. అట్టి ఏర్పాటున్న ఆ ప్రాజెక్టు కట్టయే 2019 డిసెంబరు 31 న తెగినది. కాపుదల యంత్రమున్నంత మాత్రమున కట్ట సంరక్షణ మరువరాదు. సర్క్యూట్ బ్రేకరు మాటిమాటికి పడుచున్నచో దాని హద్దును పెంచుట వైద్యము కానేరదు, భారమును దించవలెను.

భారమును దించు విధములు

మొదటిది, ముఖ్యమైనది: చిన్న సూచికలను కలుపుట. గ్రామమును సూచిక పేరుగా ఉంచక, పంక్తిలో ఒక గడిగా ఉంచవలెను. అప్పుడు రికార్డు విధమునకొకటి చొప్పున ఐదు సూచికలు, నకళ్ళతో పది తునకలు మాత్రమే అగును. సమానపదముల పట్టిక ఐదుమార్లు పేర్చిన చాలును. ఒక గ్రామము వరకే కావలసినవారికి "గ్రామము: ఫలానా" అను నియమమును సర్వరే చేర్చి చూపును. ఒక గ్రామపు ఉద్యోగికి ఆ గ్రామమే కనబడవలెనన్నను ఇట్లే నియమింపవచ్చును. ఆ నియమమును సర్వరు వద్దనే విధింపవలెను గాని, అడుగువాని యిష్టమునకు వదలరాదు.

చెరువులతో పోలిక ఇచ్చట ఆగిపోవునని గుర్తింపవలెను. కుంటలను కలిపి ఒక సముద్రము చేయలేము. నేల వాలు ఒప్పుకొనదు, ప్రతి కుంటకును దాని ఆయకట్టు ఉన్నది. అందుకే మన పెద్దలు వానిని గొలుసుకట్టుగా నిలిపిరి. రికార్డులకు నేలవాలు లేదు. గ్రామపు పొలిమేర అచ్చట ఒక గడిలోని మాట మాత్రమే. పొలిమేరలు మారినప్పుడు ఈ సౌకర్యము మరింత తెలియును. 2016 లో నల్లగొండ జిల్లా మూడయ్యెను. మహబూబ్‌నగరు జిల్లా నుండి నాగర్‌కర్నూలు, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాలు వచ్చెను. 2019 లో నారాయణపేటయు వచ్చెను. జిల్లా పేరిట, మండలము పేరిట సూచికలు కట్టినవారు అట్టి సమయమున వానిని పడగొట్టి మరల కట్టవలెను. గడిగా ఉంచినవారు ఆ గడిలోని మాటను దిద్దుకొన్న చాలును.

కలుపుటవలన వెదకులాటయు మెరుగగును. ఒక పదము ఎంత అరుదైనదో దానిని బట్టి యంత్రము ఫలితములను ముందు వెనుకలుగా పేర్చును. ఈ లెక్కను సామాన్యముగా ప్రతి తునక తనలోనే వేసికొనును. చిన్న గ్రామపు సూచికలో ఒక్కడే యాదగిరి ఉన్నచో, సీమయంతట వేలకొలది యాదగిరులున్నను, ఆ పేరు అచ్చట అపూర్వమైనదిగా తోచును. అందుచే వరుస తారుమారగును. అందరిని ఒక్కచోట లెక్కించినప్పుడే పేరు యొక్క అరుదుతనము నిజముగా తెలియును.

రెండవది: వాడని సూచికలను మూసివేయుట. కలుపుట సాధ్యము కానిచోట ఇది ఉపాయము. ఒక్క యంత్రముపై నడచు సోలరునందు 4 వ తరమున ఇట్టి ఏర్పాటు వచ్చినది. ఇన్ని సూచికలకు మించి తెరచి ఉంచరాదని ఒక సంఖ్యను నిర్ణయింపవచ్చును. అంతకు మించి వచ్చినప్పుడు చాలకాలముగా ఎవరును అడుగని దానిని మూసి, క్రొత్తదానిని తెరచును. బల్లమీద పది దస్త్రములకే చోటున్నచో గుమాస్తా చేయు పనియే ఇది. దీనికి వెల యొకటి కలదు. మూసిన సూచికను మొదట అడిగినవానికి తెరచునంతసేపు ఆలస్యము తప్పదు. ప్రతివాడును వేర్వేరు గ్రామమును అడుగు దినమున తెరచుట, మూయుటతోనే ప్రొద్దుపోవును.

మూడవది: మెమరీని సరిగా పంచుట. యంత్రములో నున్న మెమరీనంతయు హీపునకే ఇచ్చినచో మేలని పెక్కుమంది తలంతురు. లూసీన్ తన ఫైళ్ళను ఆపరేటింగు సిస్టము ద్వారా చదువును. ఆ సిస్టము ఖాళీ మెమరీలో ఇటీవల చదివిన ఫైళ్ళ భాగములను నిలిపి ఉంచును. దానికి చోటు మిగల్చనిచో ప్రతిసారియు బీరువా వద్దకు పోవలెను. అందుచే హీపునకు సగమునకు మించి ఈయరాదని సంప్రదాయము. హీపు 32 గిగాబైట్లకు లోపుగా ఉండవలెనని మరియొక నియమము. అంతవరకు జావా ఒక వస్తువు జాడను 4 బైట్లలో వ్రాసికొనగలదు. అది దాటినచో ప్రతి జాడకును 8 బైట్లు కావలెను. 31 నుండి 35 గిగాబైట్లకు పెంచినవారు లాభమునకు మారుగా నష్టపోవుటయు కలదు.

వేరుగానే ఉండవలసినవి

అన్నింటిని కలిపివేయుటయే ధర్మమని మేము చెప్పుట లేదు. గడులు పూర్తిగా భిన్నమైన రికార్డులను ఒక్కచోట వేసినచో వర్ణన ఉబ్బిపోవును. ఒక సూచికలో 1,000 గడులకు మించనీయని హద్దు ఎలాస్టిక్‌సెర్చ్‌లో మొదటి నుండి విధింపబడియే యుండును. కొంత కాలమునకు తీసివేయవలసిన దానిని ఏడాదికొక సూచికగా ఉంచుట మేలు. సూచికను మొత్తముగా తీసివేయుట ఒక్క క్షణపు పని, పంక్తులను ఏరి తీసివేయుట సుదీర్ఘమైన పని. అత్యంత రహస్యమైనవి వేరుగా ఉండవలసినదే. కాబట్టి వేరు చేయుటకు ముందు అడుగవలసిన ప్రశ్న యొకటి: ఈ రెండింటికి గడులు వేరా, ఆయువు వేరా, రహస్యపు కట్టుబాటు వేరా? మూడింటికిని "కాదు" అను జవాబు వచ్చినచో వేరు చేయుటకు కారణము లేదు. పేరు వేరగుట మాత్రము చాలిన కారణము కాదు.

గ్రామమునకొక దస్త్రము అను అలవాటు మనకు తరతరములుగా వచ్చినది. కాగితముమీద అది ఎంతయు యుక్తమైనది. ఏ ఊరి కట్ట ఆ ఊరివారికి అందుబాటులో ఉండెను. ఆ అలవాటును అట్లే యంత్రములోనికి ఎక్కించినప్పుడు చిక్కు వచ్చుచున్నది. తండ్రికి ఒక ఊర, మేనమామ వలన సంక్రమించినది వేరొక ఊర, కొనుగోలు చేసినది మూడవ ఊర ఉన్న మనిషికి మూడు కట్టలు విప్పించుకొను శ్రమ కాగితముల కాలమున తప్పలేదు. సూచికను ఒక్కటిగా కట్టిననాడు అతడు తన పేరును ఒక్కమారు చెప్పిన చాలును. మూడు ఊళ్ళ సర్వే నెంబరులు ఒకదాని క్రింద ఒకటిగా కనబడును. అందుకు కావలసిన యంత్రము సామాన్యమైనదే. ఉన్న మెమరీని కట్టలకును, తూములకును ఖర్చు చేయక నీటికి మిగుల్చుకొన్న చాలును.